ఏడో వెంట్రుకని కోసిన కత్తి

అనగనగా ఒక ఊళ్ళో ఒక రాజు. ఏ ఊరు, ఎప్పటి రాజు అని మధ్యలో అడిగారో వీపు చిట్లుతుంది, ముందే చెబుతున్నా. ఆ రాజుకి ముక్కు మీదే కోపం. ఆయనకి గడ్డం గీసేవాడు గవరయ్య. వాడి పెళ్ళాం నూకాలు. కత్తి నూరేది మాత్రం గవరయ్య తండ్రి పైడయ్య. కత్తుల పొది ఇంకెవరూ ముట్టకూడదు, అందులోనూ ఆడది అసలే ముట్టకూడదని ఆ ముసలాయన శాసనం. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి!

ఒకరోజు రాజుగారి చెంప తెగింది. నాలుగు రోజులకి గడ్డం కింద తెగింది. రాజు దివాను మీద అరిచాడు, దివాను గవరయ్య మీద అరిచాడు. గవరయ్య పాపం నోరెత్తని మనిషి. ఇంటికొచ్చి చెప్పుకుంటే, పొద్దున్నే నువ్వు ఎదురొచ్చావు కాబట్టే తెగిందని పైడయ్య కోడలి మీద అరిచాడు. నూకాలు ఎవరి మీద అరవాలి? పొయ్యి దగ్గర పిల్లి ఉంది గానీ, అదేం పాపం చేసింది? మూడోసారి రక్తం చుక్క కనబడితే గవరయ్య కుడిచేతి వేళ్ళు తీయించేస్తానన్నాడట రాజు. వేళ్ళు పోతే ఇంటిల్లిపాదికీ కూడు పోయినట్టే.

పైడయ్య రాయి ముందేసుకున్నాడు. బలమంతా పెట్టి కరకర కరకర నూరాడు. నూరి, కత్తి తన ముంజేతి మీద సర్రున గీసి, వెన్నలా జారుతోంది చూడరా అన్నాడు. బియ్యం ఏరుతున్న నూకాలు చేట విసిరికొట్టి లేచింది.

"నలభై ఏళ్ళుగా ఆ చేతి మీదే గీసి చూసుకుంటున్నావు. ఒక్క వెంట్రుక మిగిలిందా మామా దాని మీద? తెగడానికేమీ లేనిచోట అట్లకాడ పెట్టి గీసినా జారుతుంది!"

మామ ఇంతెత్తున లేచాడు. నోరెక్కువైంది, పుట్టింటికి పొమ్మన్నాడు. నాకిప్పటికీ ఒళ్ళు మండుతుందర్రా! పోయేవి ఆయనగారి వేళ్ళా? అప్పుడు గవరయ్య పొది తెచ్చి పెళ్ళాం ఒళ్ళో పెట్టాడు. నా వేళ్ళు నాన్నా, అని మాత్రం అన్నాడు.

ఇన్నేళ్ళూ మామ నూరుడు చూస్తూ తప్పెక్కడో పట్టేసిన నూకాలు కత్తి అంచుకి గోరు ఆనించింది. గరుక్కుమంది. బలం పెట్టి నూరితే అంచు పల్చబడి పక్కకి మడత పడుతుంది, ఆ మడతే చర్మాన్ని చీరుతుంది. రాయి తడిపింది. కత్తి వీపూ అంచూ రెండూ ఆనేలా పడుకోబెట్టింది. నోటితో మామని కడిగేస్తూనే ఉంది, చేతిలో మాత్రం బరువు లేదు. అటొకసారి ఇటొకసారి, అటొకసారి ఇటొకసారి. గరుకు పోయాక తోలుపట్టీ మీద వీపు ముందు, అంచు వెనక, అటొకసారి ఇటొకసారి. జడలోంచి వెంట్రుక పీకి, ఒక కొస పట్టుకుని కత్తికి తగిలించింది. వంగింది, తెగలేదు. మళ్ళీ రాయి, మళ్ళీ తోలు, మళ్ళీ వెంట్రుక. ఏడో వెంట్రుక తెగింది. తెగినట్టు దానికే తెలీదు! ఒరేయ్, కాళ్ళు ముడుచుకో, చెల్లికి తగులుతున్నాయి.

మర్నాడు మొగుడితో పాటు నూకాలు కూడా కోటకి వెళ్ళింది. ఒక చెంప అవగానే రాజు తడుముకున్నాడు, తెల్లగుడ్డతో అద్ది చూసుకున్నాడు. చుక్క లేదు. ఎవరు నూరారన్నాడు. నా భార్య అన్నాడు గవరయ్య. ఏం కావాలో కోరుకోమన్నాడు రాజు.

"వేళ్ళు తీయిస్తానన్న మాట వెనక్కి తీసుకోండి బాబూ," అంది నూకాలు, ఎర్రగా చూస్తూ. "కత్తి అంటే నేను నూరగలను. మీ మాటకి వణికే చేతిని ఎక్కణ్ణుంచి నిలబెట్టేది?"

రాజు మొహం కందగడ్డయింది. అద్దంలో చూసుకున్నాడు. రెండో చెంప ఇంకా మిగిలే ఉంది, అంత పదునైన కత్తి గవరయ్య చేతిలోనే ఉంది. సరేనన్నాడు. రెండో చెంప గీస్తున్నంతసేపూ గవరయ్య చెయ్యి ఇసుమంతైనా వణకలేదు.

పైడయ్య వారం రోజులు ఆ కత్తిని తన గడ్డం దగ్గరికి రానివ్వలేదు. ఎనిమిదో రోజు గడ్డం మాసి, దురద తట్టుకోలేక, కోడలు నూరిన కత్తితోనే కొడుకు చేత గీయించుకున్నాడు. బాగుంది అని కూడా అన్నాడు, గోడ వైపు తిరిగి. అందుకే చేతనైనవాళ్ళని చెయ్యనివ్వాలర్రా, పక్కన నిలబడి హుంకరించకూడదు.

కథ కంచికి పోయింది, మీరు దుప్పట్లోకి పొండి. ఇంకా గొణుగుతున్నదెవడు?