చల్లనీటి నేత

"పోగులమ్మా! ఓ పోగులమ్మా! నీళ్లు చల్లబడుతున్నాయే!"

పక్కింటి కణం కేకకు పోగులమ్మ ఉలిక్కిపడింది.

ఉక్కు కుండలో కాపురముండే కణాలకు పోగులమ్మే పెద్ద. వాటి ముత్తవ్వ ఏదో చిట్టెలుక ఒంట్లో పుట్టిందట. ఆ కుండలో ప్రతి కణమూ రోజుకోసారి రెండుగా చీలుతుంది. ఎవరికి ఎక్కువమంది కూతుళ్లుంటే వాళ్లదే పెద్దరికం. కుండను చూసుకునే మనిషి, వాళ్ల కాపరి, వాళ్లందరి కడుపుల్లో ఒక నమూనా పెట్టింది. దాన్ని చూసి మందుపోగు నేయాలి. అది కణాలకు ఎందుకూ పనికిరాదు. బయటెక్కడో, గాయమైతే రక్తం ఆగని ఓ పిల్లాడికి మాత్రం అదే ప్రాణం.

పోగులమ్మ ఆ నమూనాను ఎప్పుడో మడిచి మూలన పడేసింది. నేత మానితే చీలడం తేలిక. అలా లక్షమంది కూతుళ్లను కన్నది. వాళ్లకు మాత్రం "బాగా నేయండే" అని చెబుతుండేది.

"ఈ వారం మందుపోగు కొలత నిండకపోతే కుండ పారబోసి వేరే కణాల్ని పెంచుకుంటాను," అని కాపరి అనడం నిన్ననే అందరూ విన్నారు. ఇవాళేమో నీళ్లు చల్లబడ్డాయి.

"వారం దాకా కూడా ఆగలేదే! ఇప్పుడే చంపేస్తోంది," అని ఏడ్చింది పక్కింటిది.

"చచ్చేదానికి అంత గొంతెక్కడిదే? నోర్ముయ్!" అంది పోగులమ్మ. లోపల ఆమెకూ దడగానే ఉంది.

ఆ చలికి ఆ రోజు ఆమె రెండుగా చీలలేదు. మర్నాడూ చీలలేదు. కుండంతా అంతే. చేతులు ఊరికే ఉండలేకపోయాయి. అందరూ నేతలో పడ్డారు. పోగులమ్మ ఎవరూ చూడకుండా మూలకెళ్లి, నమూనా మడత విప్పింది.

మొదట పోగు తెగింది. మళ్లీ తెగింది. మూడోసారి నిలిచి, మంచుబొట్టు మీద ఎండ పడ్డట్టు మెరిసింది. తనకోసం కానిది ఇంత అందంగా ఉంటుందని ఆమెకు తెలియదు. కళ్లు చెమర్చాయి.

ఏడో రోజు కాపరి కొలిచి చూసి కేక పెట్టింది. "రెండింతలు! నా బంగారు తల్లులు! నీళ్లు చల్లబరిచి మంచిపని చేశాను, చల్లదనమే మీకు పడింది. మిమ్మల్ని పారబొయ్యను!"

కుండ దద్దరిల్లింది. "అంతా మా పెద్దమ్మ చలవే!" అంటూ కణాలు పోగులమ్మను చుట్టుముట్టాయి. చిన్నకూతురు ముందుకొచ్చింది.

"అమ్మా, నువ్వు మొదటి పోగు ఎప్పుడు నేశావే?"

చెబితే పెద్దరికం పోతుంది. అయినా పోగులమ్మ తలెత్తింది. ఆమె గొంతులో ఎన్నడూ లేనంత గర్వం పలికింది.

"ఈ వారమేనే. అంతకుముందు నేనొక్క పోగైనా నేయలేదు."