ఏకాదశినాటి ఉప్మా

మా బాబాయి సూర్యప్రకాశంగారు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పేవారు కారు. ఏదో ఒక పని చెప్పేవారు. ఆయన దగ్గర కంప్యూటరు పని నేర్చుకున్న కౌముది ఒక ఏకాదశినాడు కళ్ళు ఎర్రజేసుకుని వచ్చింది.

మా నాయనమ్మ పాడిన మంగళహారతులన్నీ టైపు చేసి పుస్తకంగా తెచ్చే పని ఆ అమ్మాయిదే. వాటిలో చేరిన చుక్కలూ గీతలూ పోవాలని, అక్షరమో అంకో కానిదల్లా వెతికి తీసెయ్యమంటూ కంప్యూటరుకు ఒక వెతుకుడు సూత్రం రాసింది. ఇంట్లో అది చక్కగా పనిచేసింది. అదే సూత్రం ప్రెస్సులోని ప్రోగ్రాముకిస్తే, తెలుగంతా తుడిచేసి పేజీ అంకెలు మాత్రం మిగిల్చింది.

“అక్షరమంటే అక్షరమే కదా మాస్టారూ! ఒకచోట తెలుగు అక్షరం, ఇంకోచోట కాదా? ఈ రెండిట్లో ఏది తప్పు? అసలు ప్రతి భద్రంగానే ఉంది. ఈ పని మాత్రం ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి, నాకు ధైర్యం చాలదు.”

“అలాగే. ముందు మా అక్కయ్యకీ, పక్కింటి రాజ్యలక్ష్మిగారికీ ఫలహారం చేసిపెట్టు. ఇద్దరూ ఉపవాసం,” అన్నారు బాబాయి.

కౌముది ఉల్లిపాయ తగలకుండా, నెయ్యి వేసి ఉప్మా చేసింది. రాజ్యలక్ష్మిగారు మారు వడ్డించుకున్నారు. మా శేషమాంబత్తయ్య మాత్రం పళ్ళెం మెల్లగా పక్కకు జరిపింది.

“ఏమీ అనుకోకు తల్లీ. రవ్వ కూడా ధాన్యమే కదా. నాకు కూడదు.”

“మా ఇంట్లో అన్నం ఒక్కటే కూడదు,” అన్నారు రాజ్యలక్ష్మిగారు. “మీ ఏకాదశి అత్తారింటిది వదినగారూ, మాది పుట్టింటిది!”

“నవ్వు, నవ్వు. ఆ మూకుడు ఖాళీ చేసేదాకా లేవకు,” అంది అత్తయ్య.

పొద్దుటి నుంచి మంచినీళ్ళతో ఉన్న మనిషి తన చేతివంట వల్ల పస్తుంటుందని కౌముది ముఖం చిన్నబోయింది. గబగబా పాలు కాచి, అరటిపళ్ళు తెచ్చి, ఆవిడ పక్కన కూర్చుంది.

“మీకు ఏవేవి పనికొస్తాయి అమ్మమ్మగారూ?”

అత్తయ్య ముఖం విచ్చుకుంది. చిలగడదుంప ఎలా ఉడకబెట్టాలో, సగ్గుబియ్యం ఎంతసేపు నానాలో, పాలలో ఏలక్కాయ ఎప్పుడు వెయ్యాలో, అన్నీ చెప్పింది. పాలు చల్లారిపోయినా ఆ మాటలు ఆగలేదు.

“ఇంతకీ ఎవరిది సరైన ఉపవాసం మాస్టారూ?” అంది కౌముది, వంటింట్లోకి వచ్చి.

బాబాయి మూకుడులో మిగిలిన ఉప్మా పెట్టుకుని తినసాగారు.

కౌముది ఆ ఉప్మా వంకా, అవతల అత్తయ్య ముందున్న పాల వంకా చూసింది. తర్వాత ప్రెస్సుకు ఫోను చేసి, “మీ ప్రోగ్రాము అక్షరాలని వేటిని అనుకుంటుందండీ?” అని అడిగింది. అవతలి మనిషి చాలాసేపే చెప్పాడు. ఫోను పెట్టేటప్పటికి ఆమె నవ్వుతోంది.

“ఇంగ్లీషువే అనుకుంటుందట. తెలుగునీ కలుపుకోమని విడిగా చెప్పాలట. సాయంత్రానికి పుస్తకం పంపేస్తాను మాస్టారూ. పాపం, ఎంత ఓపిగ్గా చెప్పాడో!”

“ఎవరైనా అడుగుతారా అని చూస్తూంటారమ్మా,” అన్నారు బాబాయి.