కొమ్ముకు పాకిన ఉలవ తీగ

ఆ అడవి పేరు రేలకోన. అడవికీ కొండవాగుకూ మధ్య ఒక పెద్ద బీడు ఉంది. అందులో చుక్కల దుప్పులు మేసేవి, అడవిదున్నలు మేసేవి. వాగు ఒడ్డు బురదలో బురదప్ప అనే అడవిపంది, రేగుపొదల కింద చిటుకు అనే ఎలుక, గులకరాళ్ళ మధ్య ఒక తీతువు పిట్ట ఉండేవి.

వానాకాలంలో బీడు మీద ఎవరికీ తగాదా లేదు. గడ్డి మోకాలెత్తు పెరిగేది. చలికాలం సగమయ్యేసరికి అదంతా ఎండి పీచయ్యేది. దున్నలు ఆ పీచైనా నమిలి కడుపు నింపుకునేవి. దుప్పులకు మాత్రం లేత ఆకు కావాలి. నిరుడు అది దొరక్క తల్లి దుప్పులకు పాలు తగ్గాయి. పిల్లలకు కాళ్ళలో బలం లేకపోయింది. పరుగెత్తలేనివాటిని రేచుకుక్కలు పట్టుకుపోయాయి.

సన్నచెవి అనే ఆడదుప్పి ఆ సంగతి మరిచిపోలేదు. అది మళ్ళీ చూలుతో ఉంది. చలికాలం చివర ఈనుతుంది. ఈసారి తన బిడ్డకు పాలు తక్కువ కాకూడదని గట్టిగా అనుకుంది. అనుకుని ఊరుకోలేదు, బీడంతా తిరిగి చూసింది.

నిరుడు వరదకు పైచేలలోని ఉలవ తీగలు కొట్టుకొచ్చి వాగు ఒడ్డున వేళ్ళూనాయి. గడ్డంతా ఎండినా ఆ తీగలు మాత్రం పచ్చగా ఉండటం సన్నచెవికి గుర్తుంది. వాటి కాయలు ఎవరు ఏరుకున్నారో కూడా దానికి తెలుసు. నేరుగా చిటుకు కన్నం దగ్గరికి వెళ్ళింది.

"చిటుకూ, నీ దగ్గర ఉలవలు ఉన్నాయా?"

"లేవు," అంది చిటుకు, బుగ్గలనిండా ఉలవలు పెట్టుకుని.

"నమిలి మాట్లాడు తమ్ముడూ."

చిటుకు నమిలి మింగింది. "కొన్ని ఉన్నాయిలే అక్కా. ఎందుకు?"

"నాటుదాం. వాన అక్కర్లేదు. ఈ పైరు మంచు తాగి బతుకుతుంది. ఆకు మాకు, రాలిన గింజ నీకు."

చిటుకు మీసాలు దువ్వుకుంది. "బేరం బాగుంది. కానీ కంచె లేకపోతే దున్నలు ఒక్క పూటలో ఊడ్చేస్తాయి."

అందుకే సన్నచెవి దున్నల పెద్ద బండమూపు దగ్గరికి వెళ్ళింది. "మామా, బీడులో చిన్న చిన్న మడులు వేసుకుంటాం. నీ మంద గడ్డికి అడ్డం రాము. రేగుపొదల మధ్య మీ మూతులు దూరని జాగాలు ఉన్నాయి కదా, అవి చాలు."

బండమూపు నెమరు ఆపింది. "ముళ్ళ మధ్య జాగా నాకెందుకు? వేసుకో. నా గడ్డి తొక్కితే మాత్రం ఊరుకోను."

"తొక్కం మామా."

పని మొదలైంది. బురదప్ప మూతితో నేల పెళ్ళగించింది. దుంపలు దొరికితే తనవే అని ముందే చెప్పి మరీ పెళ్ళగించింది. చిటుకు గింజలు వేసింది. దుప్పులు గిట్టలతో మట్టి అదిమాయి. ఎండు రేగుకంపలు ఈడ్చి పొదల మధ్య ఖాళీలు మూశాయి. ప్రతి మడికీ ఒక్క సందు వదిలాయి. ఆ సందు ఎంత తక్కువ ఎత్తంటే, తల వంచితేగాని లోపలికి వెళ్ళలేరు.

సన్నచెవి మందకు రెండే మాటలు చెప్పింది. "రెండాకుల మీద ఉన్నప్పుడు ఎవరూ మూతి పెట్టకండి, మొక్క చస్తుంది. తీగ సాగాక కొస మాత్రమే కొరకండి, పక్కల నుంచి పిలకలు వేస్తుంది."

ఇదంతా చూసి కొమ్ములరాయుడు పకపకా నవ్వాడు. ఆ మందలో అంత పెద్ద కొమ్ములున్న మగదుప్పి మరొకటి లేదు. ఆ సంగతి ఎవరైనా మరిచిపోతే రాయుడే గుర్తుచేసేవాడు.

"తల వంచి దూరడానికి నేనేమైనా పందికొక్కునా? నా చేను బీడు నడిబొడ్డున ఉంటుంది. నలుగురూ చూడాలి!"

"అక్కడ దున్నలు మేస్తాయి బావా," అంది సన్నచెవి.

"నా కొమ్ములు చూశాక ఎవరికి ధైర్యం?"

రాయుడు తన వెంట తిరిగే కుర్ర దుప్పులతో బీడు నడుమ పెద్ద చేను వేయించాడు. కంచె లేదు, కాపలా లేదు. అయినా మంచు బాగా కురిసి చేను ఏపుగా లేచింది. రాయుడు దాని చుట్టూ తిరుగుతూ, తీతువు పిట్ట వినేలా గొప్పలు చెప్పాడు. తీతువు గుడ్లమీద నుంచి కదల్లేక అన్నీ వినాల్సివచ్చింది.

ఇంతలో మగదుప్పుల పోటీ రోజులు వచ్చాయి. ఆ రోజుల్లో మగదుప్పులు కొమ్ములకు గడ్డీ ఆకులూ తగిలించుకుని బీడంతా తిరుగుతాయి. కొమ్ములు ఎంత పెద్దగా కనిపిస్తే అంత గొప్ప. తాతల నాటి నుంచీ అదే ఆచారం. మిగతావన్నీ ఎండుగడ్డి తగిలించుకున్నాయి. రాయుడు పచ్చటి ఉలవ తీగలను వేళ్ళతో సహా పీకి కొమ్ములకు చుట్టుకున్నాడు. పొద్దున చుట్టుకున్నవి మధ్యాహ్నానికి వాడిపోయేవి. మళ్ళీ పీకేవాడు. చేనులో సగం అలా పోయింది.

మిగతా సగం దున్నలు మేశాయి. రాయుడు కొమ్ములు ఊపుతూ అడ్డం వెళ్ళాడు. బండమూపు తలెత్తి చూసి, "నెత్తిమీద కూర కూడా తెచ్చావా అల్లుడూ?" అని ఆ తీగలు కూడా లాక్కుని తినేసింది.

మడుల్లో మాత్రం కొస కొరికిన తీగలు పిలకలు వేసి గుబురుగా అల్లుకున్నాయి. తల్లి దుప్పులు తల వంచి వెళ్ళి, నాలుగు కొసలు కొరికి, పక్క మడికి పోయేవి. కొమ్ములున్న మగవి మెడ పక్కకు వాల్చి దూరడం నేర్చుకున్నాయి. అన్నిటి ఒళ్ళూ నిగనిగలాడాయి.

పోటీ చివరి రోజు ఉదయం రాయుడు బోసి కొమ్ములతో నిలబడ్డాడు. చుట్టుకోవడానికి తీగ లేదు. ఎండుగడ్డి పెట్టుకోవడానికి మనసు ఒప్పలేదు. ఎవరూ చూడకుండా సన్నచెవి మడి దగ్గరికి వెళ్ళాడు. తల వంచలేదు. అలాగే ఎత్తిపట్టుకుని కంచెలోకి తోసుకుపోయాడు. లోపల తీగలను కొమ్ములతో మెలిపెట్టి లాగాడు. అవి లేతవి కావు, ముదిరిన తీగలు. తెగలేదు. వెనక్కి లాగితే రేగుకంప పట్టుకుంది. ముందుకు పోతే తీగ బిగిసింది.

"టిట్టిరీ! టిట్టిరీ!" అని అరిచింది తీతువు. రేచుకుక్కలు!

మంద అడవిలోకి పరుగు తీసింది. రాయుడు పరుగెత్తలేకపోయాడు. కుక్కలు మడి చుట్టూ తిరిగాయి. ఒకటి మూతి దూర్చి, ముల్లు గుచ్చుకుని కుయ్యిమంది. మరొకటి సందును వాసన చూడసాగింది.

అడవి అంచున సన్నచెవి ఆగింది. నిండు చూలుతో ఉంది, కుక్కల ముందుకు పోలేదు. పోతే లాభమూ లేదు. అది వెనుదిరిగి దున్నల దగ్గరికి పరుగెత్తింది.

"మామా! కుక్కలు రాయుణ్ణి మడిలో చుట్టేశాయి. నీ మంద కదలాలి!"

"ఎవరు, ఆ నెత్తిమీద కూరవాడా?"

"వాడే. ఇవాళ వాడు, రేపు మీ దూడ."

బండమూపు ఒక్క క్షణం ఆలోచించింది. "నీ మడులు నా గడ్డికి అడ్డం రాలేదు. అన్న మాట నిలుపుకున్నావు. పదండిరా!"

దున్నల మంద కదిలితే బీడు దద్దరిల్లింది. దుమ్ములోంచి వస్తున్న ఆ నల్లటి మూపులను చూడగానే రేచుకుక్కలు తోకలు ముడిచి వాగు దాటి పారిపోయాయి.

చిటుకు మడిలోకి దూరి తీగలు కొరకడం మొదలుపెట్టింది. "కదలకు మామా, కదిలితే నీ చెవి కొరుకుతాను." ఒక కొమ్ము విడిపడింది. రెండోది విడిపడేలోగా రాయుడు కంగారులో బలంగా గుంజాడు. టక్కుమంది. రాయుడు బయటపడ్డాడు. కొమ్ము మాత్రం మడిలో నిలబడిపోయింది.

ఏటా రాలే కొమ్మే అది. కానీ పోటీ రోజున, అందరి ముందూ, అందులోనూ ఒక్కటే! కుర్ర దుప్పులు నవ్వు ఆపుకోలేకపోయాయి. బురదప్ప ఆపుకోవాలని ప్రయత్నించనేలేదు. రాయుడి తల ఒక పక్కకు ఒరిగి ఉంది.

"నాకు తినడానికి ఏమీ లేదు సన్నచెవీ," అన్నాడు చివరికి.

"తెలుసు. తల వంచు, లోపలికి పో. కొసలే కొరుకు."

రాయుడు తల వంచి సందులోంచి వెళ్ళాడు. ఆ సాయంత్రం కంచెలో తాను చేసిన కంతను తానే కంపతో మూశాడు.

చలికాలం చివర సన్నచెవి ఈనింది. పాలు ధారగా వచ్చాయి. బిడ్డ పుట్టిన మర్నాటికే గెంతడం మొదలుపెట్టి, బండమూపు కాళ్ళ కింద నుంచి దూరిపోయి, బురదప్ప వీపు ఎక్కబోయి జారిపడింది. ఆ ఏడు ఏ దుప్పిపిల్లా వెనకబడలేదు. బీడంతా వాటి గెంతులే.

మళ్ళీ ఉలవలు నాటే రోజులు వచ్చాయి. రాయుడికి కొత్త కొమ్ములు మొలిచాయి. అందరికంటే ముందు మడిలోకి వెళ్ళి గిట్టలతో మట్టి అదుముతున్నాడు. సన్నచెవి బిడ్డ అక్కడికి వచ్చి అడిగింది. "రాయుడు మామా, నిరుడు నీ కొమ్ము ఒకటి పోయిందట కదా. ఎక్కడ పోయింది?"

రాయుడు మడి మధ్య నిలబడి ఉన్న పాత కొమ్మును చూపించాడు. దాని కింద రాలిన గింజ ఒకటి అప్పుడే మొలిచి, కొమ్మును చుట్టుకుని పైకి పాకుతోంది.

"పోలేదమ్మా," అన్నాడు రాయుడు. "మడిలో నాటాను."

నీతి: కడుపు నింపే పైరును గొప్పకు పీకినవాడికి గొప్పా దక్కదు, కడుపూ నిండదు. పొరుగువారి మేతకు అడ్డం రాకుండా, తల వంచి నాటుకున్న చిన్న మడే మందను బతికిస్తుంది.