రెండు పొట్టి వరి మొక్కలు

పేరిందేవి గారిని ఏదైనా అడిగితే నోటి నుంచి జవాబు రాదు, అడిగినవాళ్ల చేతికి ఏదో ఒక పని వస్తుంది. ఆ వరి పరిశోధన క్షేత్రంలో ఆవిడ శిష్యులందరికీ తెలిసిన సంగతే ఇది. తెలిసి కూడా నూకరత్నం అడగక తప్పలేదు.

“మేడమ్, దాలినాయుడు నన్ను పెళ్లి చేసుకుంటానంటున్నాడు. నాకూ ఇష్టమేనండి. కానీ నేనేమో ఏ పనీ మొదలుపెట్టలేను, అతనేమో ఏ పనీ పూర్తి చెయ్యడు. దొందూ దొందే. మా కాపురం ఏం ఎదుగుతుందండీ?”

ఆవిడ రెండు కుండీలు చూపించారు. రెండింటిలోనూ మోకాలెత్తు దాటని పొట్టి వరి. “ఈ మొక్కకి ఆ మొక్క పుప్పొడి వెయ్యి. గింజ కడితే విత్తు” అన్నారు.

రత్నం మనసు చివుక్కుమంది. పెళ్లి సంగతి అడిగితే పొట్టికి పొట్టిని జత చెయ్యమంటారేమిటి! చూపుకి రెండూ ఒకలాగే ఉన్నాయి గనక రెండింటిదీ ఒకే లోపమనుకుంది, అంత చదువుకున్న పిల్ల. అయినా గురువు మాట కాదనలేక ఒక మొక్క పూల కొనలు తుంచి, లోపలి కేసరాలు తీసేసి, రెండో దాని పుప్పొడి దులిపి, కంకికి కాగితపు సంచి తొడిగింది. గింజలు పండాయి, విత్తింది. దాలినాయుడు అడిగినప్పుడల్లా “పైరు ఎదగనీ” అని తప్పించుకుంది. ఏదీ చివరిదాకా చెయ్యని ఆ మనిషి, పాపం, ఎదురుచూడటం మాత్రం మానలేదు.

పైరు ఎదిగింది. ఎదగడమంటే అలా ఇలా కాదు, రత్నం నడుము దాటి, ఛాతీ దాకా వచ్చింది! ఆమె గట్టు మీదే చప్పట్లు కొట్టి నవ్వేసింది. కాండాన్ని సాగదీసే జిబ్బరెలిన్ అనే హార్మోను మొక్కలో అంచెలంచెలుగా తయారవుతుంది. ఒక పొట్టిదానిలో మొదటి అంచె జన్యువు చెడింది, రెండో దానిలో చివరి అంచెది. ఒకదానిలో చెడింది రెండో దానిలో బాగానే ఉంది. పిల్ల మొక్కకి బాగున్న జన్యువులు రెండూ దక్కాయి. రత్నానికి ఒళ్లంతా సంతోషమే.

బురద కాళ్లతోనే గురువు గారి గదిలోకి పరుగెత్తింది.

“మేడమ్! పెరిగాయండీ! అయితే దాలినాయుడికి సరేనని చెప్పెయ్యమంటారా?”

పేరిందేవి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

“అవి నన్నడిగి పెరగలేదమ్మా.”