మట్టికుప్పల లెక్క

అనగనగా ఒక అడవిలో, రెండు గుట్టల నడుమ, ఎండుగడ్డి నిండిన ఒక లోయ ఉండేది. ఆ లోయలో కుందేళ్ళు కాపురముండేవి. వాటికి పెద్ద సూదయ్య అనే ముళ్ళపంది.

కార్చిచ్చు అంటే తెలుసా పిల్లలూ? అడవి దానంతట అదే అంటుకోవడం. కిందటి ఎండాకాలం ఆ మంట లోయలోకి వచ్చింది. పారిపోవడానికి దారి లేక చాలా కుందేళ్ళు చచ్చిపోయాయి. అప్పటినుంచి ఆకు గలగలమన్నా అందరికీ గుండె జారిపోయేది.

"గుట్ట కింద సొరంగం తవ్వుదాం. అవతల వాగుంది. మంటొస్తే అటు పారిపోవచ్చు" అన్నాడు సూదయ్య.

అందరూ పని మొదలుపెట్టారు. రోజూ సాయంత్రం సూదయ్య బయట పోసిన మట్టికుప్పలు లెక్కపెట్టేవాడు. ఎక్కువ కుప్పలు పోసినవాళ్ళను బండ మీద నిలబెట్టి మెచ్చుకునేవాడు.

తెల్లి అనే తల్లికుందేలు ఒకరోజు పది కుప్పలు పోసింది. ఒంటినిండా పొలుసులున్న అలుగు, పొలుసమ్మ, ఒక్కటే పోసింది.

"ఇంతేనా?" అన్నాడు సూదయ్య.

"చివర రాయిలాంటి నేల తగిలింది అన్నా. గోళ్ళు అరిగిపోతున్నాయి. ఒకసారి లోపలికొచ్చి చూడు."

"రేపు చూస్తాలే" అన్నాడు. వెళ్ళలేదు.

వారం తర్వాత పొలుసమ్మ మళ్ళీ వచ్చింది. "అన్నా, కుందేళ్ళు దారి ముందుకు తవ్వడం లేదు. మెత్తగా ఉందని మొదట్లోనే పక్కలకు తవ్వుతున్నాయి. కుప్పలు పెరుగుతున్నాయి కానీ దారి పెరగడం లేదు."

"నీ కుప్పలు తక్కువని వాళ్ళ మీద చెప్తున్నావా?" అని కసిరాడు సూదయ్య.

మూడోసారి పొలుసమ్మ పరుగున వచ్చింది. "గాలిలో పొగ వాసన వస్తోంది. నాకు నలుగురిని తోడివ్వు అన్నా. నీకు దండం పెడతా."

సూదయ్యకూ భయం వేసింది. కానీ బయట నూట ఎనభై కుప్పలున్నాయి. వాటిని చూస్తే ధైర్యం వచ్చింది. "ఇంత మట్టి తీశాక దారి లేకుండా ఎలా ఉంటుంది? చివర తవ్వడం ఆపెయ్. నువ్వూ వాళ్ళతో మెత్తమట్టి తియ్" అన్నాడు.

ఆ తర్వాత నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం గుట్ట మీద చెట్లు ఫెళఫెళమన్నాయి. ఆకాశం ఎర్రబడింది.

"సొరంగంలోకి!" అని అరిచాడు సూదయ్య.

అందరూ చీకట్లోకి ఉరికారు. వెనకే వేడి. వెనకే పొగ. ముందున్న తెల్లి ముక్కు గోడకు కొట్టుకుంది.

"సూదయ్య మావా, ఇక్కడ దారి లేదు!" అని కేక పెట్టింది. "దారేదీ?"

వెనకవాళ్ళు నెడుతున్నారు. దగ్గులు, ఏడుపులు. సూదయ్య తోసుకుంటూ వెళ్ళి గోడను తడిమాడు. అతను అంత లోపలికి రావడం అదే మొదలు.

పొలుసమ్మ తోసుకుంటూ గోడ దగ్గరికి వచ్చింది. తవ్వడం మొదలుపెట్టింది. పక్కన సూదయ్య తవ్వాడు, తెల్లి తవ్వింది. గోళ్ళు ఊడాయి. నెత్తురు కారింది. వెనక ఏడుపులు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. ఎందుకు ఆగుతున్నాయో అందరికీ తెలుసు. ఎవరూ వెనక్కి తిరగలేదు.

చివరికి రేగుపండంత రంధ్రం పడింది. చల్లగాలి తగిలింది. దాన్ని పెద్దది చేసుకుని, ఒకరి వెనక ఒకరు వాగు ఒడ్డున పడ్డారు.

తెల్లి తన పిల్లల్ని వెతుక్కుంది. ఇద్దరు దొరికారు. మూడో పిల్ల సొరంగం మొదట్లో ఉండిపోయింది.

"దారి ఉందన్నావుగా మావా?" అంది.

"చూడలేదమ్మా," అన్నాడు సూదయ్య, "ఒక్కసారి కూడా లోపలికెళ్ళి చూడలేదు."

నీతి: ఎంత పని చేశామన్నది కాదు, ఆ పని ఎందుకు మొదలుపెట్టామో అది నెరవేరుతోందా అన్నది మన కళ్ళతో మనం చూసుకోవాలి.