సంచీ దులిపే వేళ

ఏ కప్పు కింద తలదాచుకున్నా, బయలుదేరే ముందు ఆ ఇంటివాళ్ళ ఎదుట తన జోలెసంచీ బోర్లించి దులిపి చూపడం పరదేశయ్యగారి అలవాటు. కార్తీకం వెళ్ళగానే ఆయన మఠానికి తాళం వేసి కాలినడకన దేశం మీద పడేవారు. కొన్నాళ్ళు సముద్రం వెంట, కొన్నాళ్ళు పొలాల వెంట. వలలు దాచుకునే పాకైనా, చేలో కాపలా మంచె అయినా, ఉప్పుమళ్ళ దగ్గర కూలీల గుడిసె అయినా ఆయనకు ఒకటే. ఒక కప్పు కింద రెండో రాత్రి మాత్రం పడుకునేవారు కారు. తెల్లవారగానే ఇంటావిడను పిలిచి, సంచీ తలకిందులు చేసి, "చూసుకో తల్లీ, మీదేదీ మాతో రావడం లేదు" అనేవారు. ఆవిడ, "అయ్యో, అదేం మాట స్వామీ!" అని చెంపలు వేసుకునేది. ఆయన నవ్వుతూ సంచీ భుజాన తగిలించుకునేవారు.

ఆ ఏడు ఆయన వెంట నడిచిన శిష్యుడు చిదంబరం. కలిగిన ఇంట పుట్టి, నాలుగు గ్రంథాలు చదివి, అన్నీ వదిలేసి వచ్చినవాడు. వదిలేసి వచ్చానన్న సంగతి మాత్రం వదల్లేదు, పాపం. అతనికో వ్రతం ఉంది. నోరు తెరిచి ఎవరినీ ఏదీ అడగడు, తనంతట దొరికిందే పుచ్చుకుంటాడు. గురువుగారు చూడబోతే దానికి పూర్తిగా ఎదురు. "అమ్మా, ఉప్పురాయి ఉందా? కాస్త నిప్పు పెడతావా? ఇంకో గరిటెడు గంజి పొయ్యి తల్లీ" అని మొహమాటం లేకుండా అడిగేస్తారు. అడిగినప్పుడల్లా చిదంబరానికి తల కొట్టేసినట్టుండేది. ఆపైన ఆ సంచీ దులపడం ఒకటి.

ముసురు పట్టిన ఒక సాయంత్రం, కళింగపట్నం దాటి ఉత్తరంగా ఇసకలో నడుస్తూ అతను ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువుగారూ, ఏదీ నాది కాదు అనుకున్నవాడికి దొంగతనం ఎలా అంటుతుంది? మనం ఎందుకు దులిపి చూపాలి?"

పరదేశయ్యగారు తడిసిన గడ్డం పిండుకున్నారు. "ముందు ఎక్కడైనా తలదాచుకుందాం పద నాయనా. తడిసినవాడికి వేదాంతం ఒంటబట్టదు" అన్నారు.

తలదాచుకోను దొరికింది ఉప్పుగెడ్డపాలెం అనే బెస్తవాళ్ళ ఊళ్ళో ఒక వలపాక. అది కొర్లయ్యది. భార్య పోలమ్మ గోనెసంచి కొంగులా కప్పుకుని వచ్చి ఇద్దరినీ లోపల కూర్చోబెట్టింది. వేడి గంజి, ఎండుమిరపకాయ, కుంపట్లో గుప్పెడు నిప్పులు తెచ్చి పెట్టింది. వెళుతూ వెళుతూ వెనక్కి తిరిగి, "ఏటి కావాలన్నా ఓ కేకెయ్యండి సామీ. మా గుడిసి ఆ ఇసకదిబ్బ ఎనకాలే" అని మరీ చెప్పింది.

పొద్దు గుంకకముందే నిప్పులు నివురు కప్పాయి. గురువుగారికి చలి పట్టుకుంది. డెబ్బయ్యోపడిలో ఉన్న ఒళ్ళు, ముడుచుకు పడుకుని పళ్ళు టకటకలాడిస్తున్నారు. చిదంబరం పాకంతా వెదికాడు. గోడవార వలల కింద రెండు కొయ్యలు కనిపించాయి. చేతి పొడుగున్నాయి, ఒక కొస పైకి వంగి ఉంది, తేలిక కర్ర, ఎండి గలగలమంటున్నాయి. బయట వానలో నాలుగైదు లావుపాటి దుంగలు విడివిడిగా పడి ఉండడం అతను వస్తూ చూశాడు. ఏ విరిగిన పడవ ముక్కలో ఇవి, ఒడ్డుకు కొట్టుకొచ్చినవి అనుకున్నాడు.

అడగవచ్చు. ఒక్క కేక వేస్తే చాలు. నోటిదాకా వచ్చింది కూడాను. కాని వ్రతం అడ్డొచ్చింది. కళ్ళెదుట దొరికింది ఉండగా అడుక్కోవడం ఏమిటి? కొయ్యలు రెండూ కుంపటిలో చేరాయి. దివ్యంగా మండాయి. గురువుగారు కాళ్ళు చాపుకుని హాయిగా నిద్రపోయారు. అడక్కుండానే దొరికింది, వ్రతం ఫలించింది అనుకుని చిదంబరం కూడా నిద్రపోయాడు.

మనలో మాట, సముద్రం ఎరగనివాడికి విప్పిన తెప్ప కట్టెలమోపులాగే కనబడుతుంది. ఆ తీరంలో వేట నుంచి రాగానే తెప్ప తాళ్ళు విప్పేసి దుంగలు విడదీసి ఆరబెడతారు. లేకపోతే కర్ర నీరు పట్టి బరువెక్కుతుంది. వెళ్ళేటప్పుడు మళ్ళీ కట్టుకుంటారు. ముందువైపు కట్టే వంపుకొయ్యలు రెండూ తెప్పకు ప్రాణం. అవి లేకపోతే అల మీదికి లేవదు, బోల్తా కొడుతుంది. అందుకే వాటిని వానలో వదలకుండా పాకలో దాస్తారు.

తెల్లవారేసరికి ముసురు విడిచింది. గురువుగారు సముద్రస్నానానికి వెళ్ళారు. కుంపట్లో బూడిద తెల్లగా, మెత్తగా, జల్లించిన పిండిలా ఉంది. అంత మంచి బూడిద ఎక్కడ దొరుకుతుంది? చిదంబరం నుదుట మూడు రేఖలూ, భుజాలకు రేఖలూ తీర్చిదిద్దుకున్నాడు. మిగిలింది గుడ్డలో మూటకట్టి సంచీలో వేసుకున్నాడు. దారిలో పనికొస్తుందని.

అప్పటికే ఒడ్డంతా కోలాహలంగా ఉంది. ముసురుకు అన్నాళ్ళూ వేట లేక పస్తులున్న ఊరు, చేప దగ్గరికొచ్చిందని తెలిసి ఒక్క ఉరుకున లేచింది. కొర్లయ్య తాళ్ళు భుజాన వేసుకుని పాకలోకి వచ్చాడు. చిదంబరానికి దండం పెట్టి వలలు ఎత్తి చూశాడు. మళ్ళీ చూశాడు. బయటికి వెళ్ళి దుంగల చుట్టూ తిరిగి వచ్చి ఇంకోసారి చూశాడు.

"ఒలే పోలీ, వంపుకొయ్యలేవే?"

అప్పుడు తెలిసింది చిదంబరానికి, రాత్రి కాల్చినవి ఆ కొయ్యలేనని. నోరు తెరిస్తే అయిపోయేది. కాని 'చెబుతాను, గురువుగారు రానీ' అనుకున్నాడు. ఆ ఆలస్యంలోనే కొంప మునిగింది.

పక్కనే కొర్లయ్య తమ్ముడు దానయ్య తన తెప్ప కట్టుకుంటున్నాడు. ఆ కొయ్యలు వాళ్ళ తండ్రి చేత్తో చెక్కినవి. అన్నదమ్ములు వేరుపడినప్పుడు వాటి మీదే పేచీ వచ్చి, పెద్దలు అన్నకిప్పించారు. మాటలు ఆగిపోయి మళ్ళీ ఈమధ్యనే కలిశారు. కొర్లయ్య తిన్నగా తమ్ముడి మీదికే వెళ్ళాడు.

"ఎత్తుకెళ్ళినావురా? ఆటి మీద నీకు ముందునుంచీ కన్నే!"

దానయ్య ముందు నవ్వాడు, వేళాకోళం అనుకుని. తరవాత అన్న మొహం చూశాడు. "గంగమ్మ తోడు, నాను ముట్టుకోనేదు అన్నా."

"నీ ఒట్టు తీసి గట్టున పెట్టు!"

పోలమ్మ రెండు చేతులా ఇసక ఎత్తి గాలిలోకి పోసింది. "ఎవుడు తీసినాడో ఆడి పొయ్యిలో పిల్లి పడుకోవాల! ఆడి ఇంట దీపం పెట్టే దిక్కు నేకుండా పోవాల!"

ఆ ఇసక రేణువులు గాలికి వచ్చి చిదంబరం కాళ్ళ మీద పడ్డాయి. ఒట్టు వేసినవాడు అక్కడ నిలబడి ఉన్నాడు. దొంగ ఇక్కడ విభూతి పెట్టుకుని కూర్చున్నాడు. 'అన్నీ ఈశ్వరుడివే, కర్ర కాలింది, నేనెవణ్ణి?' అని గ్రంథాల్లోంచి ఒక మాట లాక్కొచ్చి కప్పుకోబోయాడు. సిగ్గు దాగలేదు. ఛీ అనిపించింది తన మీద తనకే.

దానయ్య తన తెప్పను ఒక్కడే అలల్లోకి తోసుకుని ఎక్కాడు. అన్నదమ్ములిద్దరూ ఒకరి తెప్పను ఒకరు తోసిపెట్టడం అక్కడి రివాజు. కొర్లయ్య కదల్లేదు, దానయ్య తిరిగి చూడలేదు.

ఊళ్ళో తెప్పలన్నీ వెళ్ళిపోయాయి. కొర్లయ్య విప్పిన దుంగల మీద కూలబడ్డాడు. పోలమ్మ కళ్ళు తుడుచుకుంటూ పాక దగ్గరికి వచ్చి చిదంబరం ముందు కొంగు పట్టింది.

"గంగమ్మకి మా మీద కోపమొచ్చినాదేమో సామీ. మీరు ఏటీ ఆశించని మడుసులు. మీ ఇబూది సిటికెడు ఇయ్యండి. మిగిలిన దుంగలకైనా రాసుకుంతాను."

చిదంబరం చెయ్యి అలవాటుగా సంచీలోకి వెళ్ళింది. మూట పైకి వచ్చింది. ముడి విప్పాడు. ఆవిడ కొంగు అలాగే చాచి ఉంది. అతని చెయ్యి ఇంక ముందుకూ పోలేదు, వెనక్కూ రాలేదు. స్నానం చేస్తూ ఒడ్డున అన్నదమ్ముల గొడవ విని, అప్పుడే వచ్చిన గురువుగారు తడిబట్టతో పాక గుంజ దగ్గర ఆగిపోయారు.

"అమ్మా," అన్నాడు చిదంబరం. "ఇదే... ఇదే మీ తెప్ప. నిన్న చలికని నేనే కాల్చాను."

పోలమ్మ బూడిద వంక చూసింది, అతని నుదుటి వంక చూసింది, కొంగు నెమ్మదిగా దించుకుంది.

"ఇంటినిండా ఎండు తాటిమట్టలున్నాయి సామీ," అంది. "ఓ కేకేత్తే తెచ్చిద్దును గాదేటి?"

అంతే అంది. ఆ తిట్లూ శాపాలూ ఏమయ్యాయో, ఒక్కటి కూడా అతని మీద పడలేదు. పడితే బాగుండునని అతనికి అనిపించింది. పైపెచ్చు కొర్లయ్య వచ్చి అతని కాళ్ళకు దండం పెట్టాడు. "తెలవక సేసినారు. పోనీండి సామీ. మిమ్మల్నేటంతాం?"

కాళ్ళు వెనక్కి లాక్కోవాలనుకున్నాడు చిదంబరం. ఇసకలో దిగబడిపోయినట్టు అవి రాలేదు. నుదుట ఉన్న రేఖలు చుర్రుమంటున్నట్టున్నాయి. తుడుచుకుందామంటే అది వాళ్ళ తండ్రి చెక్కిన కర్ర. ఉంచుకుందామంటే అది దొంగ మొహం. మూట కొర్లయ్య చేతిలో పెట్టాడు. కొర్లయ్య దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు, ఏం చేసుకోవాలో తెలియక.

కాని మనిషి మనసు చిత్రమైనది. ఎంత సిగ్గుపడ్డా క్షమించామన్న మాట చెవిన పడేసరికి లోపల ఏదో మూల తేలిక పడుతుంది. చెప్పేశాను, వాళ్ళు పోనీయమన్నారు, ఇంక ఈ ఒడ్డు మీదినుంచి ఎంత తొందరగా పోతే అంత మేలు అనుకున్నాడు చిదంబరం. ఎన్నడూ లేనిది, గురువుగారు చెప్పకుండానే, తన సంచీ తీసి పోలమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దులిపి చూపడానికి మొహం చిన్నది చేసుకుని, సంచీ బోర్లించబోయాడు.

గురువుగారి సంచీ కోసం చూస్తే అది ఆయన భుజాన లేదు. పాక గుంజకు తగిలించి ఉంది. ఒక కప్పు కింద రెండో రాత్రి ఉండని మనిషి, తడి అంగవస్త్రం దండెం మీద ఆరేస్తున్నారు.

"కొర్లయ్యా, ఆ కర్ర ఏ అడవిలో దొరుకుతుందో దారి చెబుతావా?" అని అడిగారు. "పోలమ్మ తల్లీ, నాలుగు తాటిమట్టలు కూడా ఇయ్యి. నిన్న ఆ మంట దగ్గర కాళ్ళు చాపుకున్నది నేను."

చిదంబరం సంచీ పట్టుకునే ఆయన వైపు తిరిగాడు. "గురువుగారూ, వీళ్ళు పోనీయమన్నారు కదా..." అన్నాడు, వినీ వినబడకుండా.

పరదేశయ్యగారు సముద్రం కేసి చూశారు. దూరంగా, మిగతా తెప్పలకు ఎడంగా, దొంగని నింద పడ్డ దానయ్య తెప్ప ఒక్కటీ అలల మీద లేస్తూ పడుతూ ఉంది.

"ఆ తెప్ప ఒడ్డుకు రానీ నాయనా. సంచీ దులపడానికి ఇంకా వేళ కాలేదు."