మంగళవారం కుర్చీ

"డిగ్రీ పూర్తిచెయ్యి. ఆ తర్వాత నీకు ఏ పని ఇష్టమైతే ఆ పనే. అడ్డుపడితే నేను నీ తండ్రినే కాను."

మంగలి వీరాస్వామి కొడుక్కిచ్చిన మాట ఇది. కొడుకు దివాకర్ పట్టా తెచ్చి, "నీ కత్తెర నాకియ్యి నాన్నా" అన్న రోజున ఆ మాట నీటిమూటైపోయింది.

వాళ్ళింట మొదటి కత్తెర పెద్దల చేతిమీదుగా అందుకోవాలి. దివాకర్‌కి ఆచారాలంటే ఒళ్ళుమంట. అయినా తాత చేతిలో అరిగి, తండ్రి వేళ్ళకు ఒదిగిన ఆ పాత కత్తెర చప్పుడు వింటూనే అతను పెరిగాడు. బజారులో ఎన్ని కొత్తవి పట్టి చూసినా ఒక్కటీ చేతికి ఆనలేదు.

ఏలూరులో జుట్టు కత్తిరింపు, అలంకరణ నేర్పే జుబేదా మేడమ్ దగ్గరికెళ్ళి నిప్పులు కక్కాడు.

"శ్రమలో సిగ్గు లేదు మేడమ్! శ్రమను చూసి ముక్కు మూసుకునేవాడిదే సిగ్గు. సొంత విద్యను కొడుక్కి దాచేవాడు బానిస కాదా? కత్తెర ఇస్తాడో లేదో జూన్ ఇరవై మూడులోగా జవాబు చెప్పాలని ఉత్తరం రాసి, ఆయన కొట్టులో అద్దానికే అంటించి వచ్చాను. తప్పా?"

ఎవరేమడిగినా ముందు చీపురు అందించడం ఆవిడ అలవాటు. నేలమీది వెంట్రుకలన్నీ అతను ఊడ్చేదాకా ఆగి, "మీ నాన్నకి క్రాపు ఎవరు చేస్తారు?" అని అడిగింది.

"ఎప్పుడూ చూడలేదు" అంటూ దివాకర్ చీపురు మూలన పెట్టాడు.

"రేపు మంగళవారం, మంగలి కొట్లకి సెలవు. వెళ్ళి చూసి రా. నీ ఉపన్యాసాలకీ సెలవివ్వు."

మర్నాడు సగం దించిన షట్టర్ కింద నుంచి వంగి చూశాడు. కుర్చీ ఖాళీగా ఉంది. దాని పక్కన నిలబడి వీరాస్వామి, ఒక చేత్తో చిన్న అద్దం మెడ వెనక పట్టుకుని, గోడ అద్దంలో చూసుకుంటూ తన జుట్టు తనే కత్తిరించుకుంటున్నాడు. ఉత్తరం అద్దం మూల అలాగే ఉంది. కత్తెర రెండుసార్లు దారి తప్పింది. చెవి వెనక సన్నగా నెత్తురు గీత కట్టింది.

దివాకర్ వేళ్ళు కత్తెర పట్టినట్టు వాటంతటవే కదిలాయి. "కూర్చోవచ్చుగా నాన్నా!"

వీరాస్వామి వెనక్కి తిరగలేదు. అద్దంలోనే కొడుకుని చూశాడు.

"పక్కకొట్టు మంగలి సన్యాసి ఉన్నన్నాళ్ళూ మంగళవారం వాడికి నేను, నాకు వాడు చేసుకునేవాళ్ళం. వాడు పోయాడు. ఇంకెవరి ముందు కూర్చోను? నలభై ఏళ్ళుగా ఈ కుర్చీ పక్కన నిలబడ్డాన్రా. ఎక్కినవాడల్లా 'ఒరేయ్' అన్నవాడే. నువ్వన్నా కూర్చుని బతుకు. మాట తప్పానని ఊరంతా దండోరా వేసుకో, ఫరవాలేదు."

దివాకర్ షట్టర్ కింద నుంచే వెనక్కి వచ్చేశాడు.

జుబేదా మేడమ్ అంతా వింది. ఈసారి చీపురివ్వలేదు. క్రాపు చేసేటప్పుడు మెడకు చుట్టే తెల్లగుడ్డ ఒకటి మడతపెట్టి అతని చేతిలో పెట్టింది.

"ఆ కుర్చీ పక్కన నిన్ను నిలబెట్టనని ఆయన అన్నాడు. మరి ఆయన్ని కూర్చోబెట్టేదెవరు? ఆ జవాబు నువ్వే చెప్పాలి. గడువు నువ్వు పెట్టిందే, జూన్ ఇరవై మూడు. ఆ రోజూ మంగళవారమే."